పెద్ద కష్టమేమీ లేదు, అయినా సాయంత్రానికి నా మీద నాకు అదుపు ఉండటం లేదు

వేకువచుక్క
నా జీవితంలో చెప్పుకోదగ్గ కష్టమేదీ లేదు. ఉద్యోగం ఉంది, ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్నారు, తీర్చలేని అప్పులు లేవు. అయినా ఆరు నెలలుగా సాయంత్రమయ్యేసరికి మెడ బిగుసుకుపోయి, దవడ నొప్పి పుట్టి, ఎవరు పలకరించినా విసుక్కునే స్థితికి వస్తున్నాను. మొన్న మా ఎనిమిదేళ్ల బాబు స్కెచ్ పెన్ మూత కనిపించడం లేదని మూడోసారి అడిగినప్పుడు వాడి మీద గట్టిగా అరిచాను. వాడు ఏడవలేదు. పెన్నులన్నీ ఒక్కొక్కటిగా పెట్టెలో సర్దుకుని, మూత లేనిదాన్ని విడిగా పక్కన పెట్టి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. అది చూశాక ఇక ఊరుకోకూడదనిపించి డాక్టరు దగ్గరకు వెళ్లాను. రక్తపరీక్షలు, థైరాయిడ్, ఈసీజీ అన్నీ సవ్యంగానే ఉన్నాయని, ఒత్తిడి తగ్గించుకోవాలని చెప్పి పంపించారు. తగ్గించుకోవాలంటే ముందు అది ఎక్కడుందో తెలియాలి కదా. నాకు దాని ఫలితం కనిపిస్తోంది గానీ అది మాత్రం ఎక్కడా దొరకడం లేదు. ఈ స్థితిని దాటి వచ్చినవారు ఎవరైనా ఉంటే, "మనసును ప్రశాంతంగా ఉంచుకోండి" అన్న మాట కాకుండా ఇంకేదైనా చెప్పగలరా?

తీరికలేదు
ఇది అచ్చంగా నా పరిస్థితే. నాకైతే దవడ కాదు, రెండు భుజాలూ చెవుల దాకా పైకి లేచి ఉంటాయి, అద్దంలో చూసుకున్నప్పుడు గానీ తెలియదు. సమాధానాల కోసం నేనూ ఎదురుచూస్తాను.

లెక్కలమాస్టారు
మీరు "పెద్ద కష్టమేమీ లేదు" అని మొదలుపెట్టడంలోనే అసలు విషయం ఉందని నాకు అనిపిస్తోంది. 1967లో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు అమెరికన్ మనోవైద్యులు జీవితంలో వచ్చే 43 రకాల మార్పులకు మార్కులు వేసి ఒక పట్టిక తయారు చేశారు. అందులో జీవిత భాగస్వామి మరణానికి 100, విడాకులకు 73, పెళ్లికి 50. పెళ్లి సంతోషమే అయినా మనిషి దానికి సర్దుకోవాలి గనుక దానికీ మార్కులున్నాయి. ఆ పట్టికతో కొలిస్తే మీకు వచ్చే మార్కులు దాదాపు సున్నా. మీరు వెతుకుతున్నదీ ఆ పట్టికలోనే, అందుకే మీకు ఏమీ దొరకడం లేదు.

1981లో రిచర్డ్ లాజరస్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త బృందం వేరే దారిలో వెళ్లింది. మధ్యవయస్కులైన వందమంది చేత నెలల తరబడి రోజువారీ చికాకుల జాబితాలు నింపించి చూస్తే, మనసు బాగోలేదని చెప్పే లక్షణాలు పెద్ద ఘటనలతో కన్నా ఈ చిన్న చికాకులతోనే ఎక్కువగా ముడిపడి ఉన్నాయని తేలింది. పోయిన తాళంచెవి, ఆలస్యమైన బండి, మూడుసార్లు అడిగినా రాని జవాబు వంటివన్నీ ఒక్కొక్కటిగా చూస్తే చెప్పుకోవడానికి కూడా సిగ్గేసేంత చిన్నవి. చెప్పుకోం గనుక ఎవరూ ఓదార్చరు, లోపల పోగుపడతాయి. ఒక వారంపాటు మెడ బిగిసిన ప్రతిసారీ సమయాన్నీ, అంతకు ముందు జరిగినదాన్నీ ఒక చిన్న పుస్తకంలో రాయండి. విశ్లేషణ తర్వాత చేసుకోవచ్చు, ముందు కూడిక జరగాలి.

రాత్రిడ్యూటీ
నేను నర్సును, పందొమ్మిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మాస్టారు గారు చెప్పినదానికి శరీరం వైపు నుంచి కొంత కలుపుతాను.

ప్రమాదం ఎదురైనప్పుడు శరీరం పోరాటానికో పరుగుకో సిద్ధమవుతుందని వాల్టర్ కానన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త 1915లో రాశారు. మూత్రపిండాల పైన టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్ అనే హార్మోను విడుదలై, కొన్ని క్షణాల్లోనే గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, జీర్ణక్రియ నెమ్మదిస్తుంది. వెనకే రెండో వరుస కదులుతుంది. మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి, అది మళ్లీ అడ్రినల్‌కు కబురు పంపితే కార్టిసాల్ అనే మరో హార్మోను పెరుగుతుంది. ఇది పతాక స్థాయికి చేరడానికి ఇరవై ముప్పై నిమిషాలు, మళ్లీ దిగడానికి అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది. అంటే మిమ్మల్ని కలవరపెట్టిన ఫోన్ కాల్ రెండు నిమిషాల్లో ముగిసినా మీ ఒంట్లో అది గంటకు పైగా నడుస్తూనే ఉంటుంది. ఆలోపు ఇంకొకటి వస్తే మొదటిది దిగకముందే రెండోది ఎక్కుతుంది. సాయంత్రం ఆరింటికి స్కెచ్ పెన్ మూత గురించి అడిగిన పిల్లవాడి మీద పడింది ఆ ఒక్క ప్రశ్నకు వచ్చిన కోపం కాదు, ఉదయం తొమ్మిది నుంచి దిగకుండా మిగిలిపోయిన కోపం.

ఇలా పదే పదే ఎక్కుతూ పూర్తిగా దిగకుండా ఉండటం వల్ల శరీరంలో జరిగే అరుగుదలకు బ్రూస్ మెక్‌ఈవెన్, ఎలియట్ స్టెల్లార్ 1993లో "అలోస్టాటిక్ లోడ్" అని పేరు పెట్టారు. రోజంతా బరువు మోసిన భుజానికి చివరి కిలో కాదు నొప్పి తెచ్చేది.

మధ్యాహ్నపుగాలి
నాకు పనిచేసింది ఊపిరి. ఊపిరి పీల్చినప్పుడు గుండె కొద్దిగా వేగం పుంజుకుంటుంది, వదిలినప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ప్రభావంతో నెమ్మదిస్తుంది. అందుకని వదలడం పీల్చడం కన్నా పొడుగ్గా ఉండాలి. నేను నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదులుతాను. సెకనుకో అంకె చొప్పున అలా చేస్తే నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. ఐదు నిమిషాలు చాలు, కూర్చున్న కుర్చీలోనే చేయవచ్చు. మొదటి నిమిషంలో ఏమీ తెలియదు, మూడో నిమిషానికి అరచేతులు వెచ్చబడటం నాకు తెలుస్తుంది. ఎడ్మండ్ జేకబ్‌సన్ అనే వైద్యుడు వందేళ్ల క్రితమే కండరాలను ఒక్కొక్క గుంపుగా కావాలని బిగించి వదిలే పద్ధతిని రూపొందించారు. తీరికలేదు గారి భుజాలకు అది సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే బిగించి వదిలినప్పుడే అది ఎంత బిగిసి ఉందో శరీరానికి తెలుస్తుంది.

నీలిగొడుగు
మధ్యాహ్నపుగాలి గారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. మేము పనిచేసే చోట ఇద్దరు మానేస్తే వారి పనిని మిగిలిన నలుగురికీ పంచారు. ఆ నెలలోనే ఊపిరి మీద ధ్యాస పెట్టడం ఎలాగో నేర్పించే తరగతి కూడా ఏర్పాటు చేశారు. నేను వెళ్లాను, శ్రద్ధగానే నేర్చుకున్నాను, ఆ గంటసేపు హాయిగానే ఉంది. తిరిగి వచ్చేసరికి బల్ల మీద ఫైళ్లు అలాగే ఉన్నాయి. పడవకు పడిన చిల్లును వదిలేసి నీళ్లు తోడటం మాత్రమే నేర్పిస్తే, పడవ మునిగిన రోజున సరిగ్గా తోడలేదన్న నింద కూడా మన మీదే పడుతుంది.

బ్రిటన్ ప్రభుత్వోద్యోగుల మీద వైట్‌హాల్ అధ్యయనాలు 1967 నుంచి దశాబ్దాలపాటు జరిగాయి. బాధ్యతలు ఎక్కువగా ఉండే పై అధికారులకే గుండెజబ్బులు ఎక్కువని అందరూ అనుకునేవారు. తేలింది అందుకు వ్యతిరేకం. ఉద్యోగ హోదాలో మెట్టు దిగేకొద్దీ గుండెజబ్బు మరణాలు పెరిగాయి. 1985లో మొదలైన రెండో అధ్యయనంలో, తన పనిని ఎప్పుడు, ఎలా చేయాలో తేల్చుకునే అధికారం లేనివారికి ముప్పు ఎక్కువని కనిపించింది. కాబట్టి వేకువచుక్క గారు పుస్తకంలో రాసేటప్పుడు "ఇది నా చేతిలో ఉందా, లేదా" అన్న గడి కూడా ఒకటి పెట్టుకోవాలని నా మనవి.

అక్షరాలబుట్ట
ఒత్తిడిని ఇంత శత్రువుగా చూడటం సరికాదేమో. పరీక్ష ముందు కాస్త భయం లేకపోతే నేను పుస్తకం తెరిచేదాన్నే కాదు. కొంతవరకు ఒత్తిడి పెరిగితే పని మెరుగుపడుతుందని, మరీ పెరిగితేనే దెబ్బతింటుందని 1908లోనే యెర్కిస్, డాడ్‌సన్ అనే మనస్తత్వవేత్తలు నిరూపించారు కదా.

లెక్కలమాస్టారు
అక్షరాలబుట్ట గారు, ఆ ప్రయోగం ఎలుకల మీద జరిగింది. ఏ గదిలోకి వెళ్లాలో ఎలుకలు నేర్చుకోవడానికి కరెంటు షాకులు ఇచ్చారు. పని తేలికైనప్పుడు షాకు పెరిగేకొద్దీ ఎలుకలు త్వరగా నేర్చుకున్నాయి, కష్టమైనప్పుడు మాత్రం మధ్యస్థమైన షాకే మేలనిపించింది. మనుషుల ఉద్యోగాలకు, ఒత్తిడికి అని పాఠ్యపుస్తకాల్లో గీసే గంట ఆకారపు గీత తర్వాతివారు గీసినది. మీ అనుభవం నిజమే, కాదనను. కానీ పరీక్షకు ఒక తేదీ ఉంటుంది, ఆ తేదీ దాటగానే ఆ భయం ముగిసిపోతుంది. వేకువచుక్క గారు చెబుతున్నదానికి తేదీ లేదు.

అక్షరాలబుట్ట
తేదీ లేకపోవడం అన్న తేడాను నేను గమనించలేదు. మీ మాటను ఒప్పుకుంటున్నాను.

పాతసంచి
నాకు డెబ్బైరెండేళ్లు. ఈ పేర్లు, సంవత్సరాలు నాకు తెలియవు గానీ నా అనుభవం ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీసు నుంచి ఇంటికి నలభై నిమిషాలు నడిచి వచ్చేవాణ్ని. తర్వాత స్కూటర్ కొన్నాను, పది నిమిషాల్లో ఇంటికి చేరేవాణ్ని. అదే ఏడాది ఇంట్లో గొడవలు మొదలయ్యాయి. గుమ్మంలో అడుగుపెట్టగానే ఏదో ఒకటి అనేవాణ్ని, అవతలివారు ఏదో ఒకటి అనేవారు. స్కూటర్ చెడిపోయి నెల రోజులు మళ్లీ నడవాల్సి వచ్చినప్పుడు మా ఆవిడే అన్నది, ఈ నెల మీరు మారిన మనిషిలా ఉన్నారని. అంతకు ముందు ఆఫీసులో పడిన మాటలన్నీ దారిలో కాళ్ల కింద రాలిపోయేవని, స్కూటర్ మీద వస్తే అవి నాతోపాటే ఇంట్లోకి వస్తున్నాయని ఆ రోజు అర్థమైంది. స్కూటర్ బాగయ్యాక కూడా చివరి ఇరవై నిమిషాల దారి నడిచే వచ్చేవాణ్ని.

రాత్రిడ్యూటీ
పాతసంచి గారు, పెద్దలైన మీరు చెప్పినదాన్నే జర్మనీకి చెందిన జబీనె జొనెన్‌టాగ్ అనే మనోవిజ్ఞాన ఆచార్యురాలు ఏళ్ల తరబడి పరిశోధించారు. పని ముగిశాక మనసు కూడా పని నుంచి విడివడితేనే అలసట తీరుతుందని, ఒళ్లు ఇంటికి వచ్చి మనసు అక్కడే ఉంటే విశ్రాంతి విశ్రాంతి కాదని ఆ పరిశోధనల సారం. మీ నడకలో రెండు పనులు జరిగాయి. మనసుకు విరామం దొరికింది, పరుగుకు సిద్ధమైన కండరాలకు నిజంగానే కదలిక దొరికింది.

తీరికలేదు
ఇప్పుడు అందరి ఆఫీసూ జేబులోనే ఉంటోంది, ఇక నడిచి ఎక్కడికి వెళ్లాలి?

నీలిగొడుగు
ఫోన్ ఇంట్లో పెట్టి నడవాలి. చెప్పినంత తేలిక కాదని తెలిసే అంటున్నాను.

వేకువచుక్క
తొమ్మిది రోజులు రాసి వచ్చాను. మొత్తం 61 సార్లు రాశాను. అందులో నన్ను ఎవరైనా నిజంగా బాధపెట్టినవి ఐదే. మిగిలినవాటిని చూసి నేనే ఆశ్చర్యపోయాను. "మధ్యాహ్నం 12:10, చూసి చెబుతానన్నాను." "3:40, సగం రాసిన ఉత్తరం వదిలేసి వేరే పని." "రాత్రి 9:15, గ్రూపులో సందేశం, రేపు మాట్లాడతానన్నాను." ఇలా మొదలుపెట్టి వదిలేసినవి, మాటిచ్చి చేయనివి కలిపి నలభై దాటాయి. నన్ను నొక్కుతున్నవి కష్టాలు కావు, ముగియని పనులు. నీలిగొడుగు గారు చెప్పిన గడి కూడా పెట్టాను. రాత్రి సందేశాలు నా చేతిలో లేనివని మొదట రాసి, మూడో రోజున కొట్టేశాను. ఎందుకంటే వెంటనే జవాబివ్వాలని నన్ను ఎవరూ అడగలేదు. నేనే ఇస్తూ వచ్చాను, చివరికి అది అందరికీ అలవాటైపోయింది.

లెక్కలమాస్టారు
ముగిసినవాటికన్నా మధ్యలో ఆగిన పనులే ఎక్కువగా గుర్తుంటాయని బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వవేత్త 1927లో ప్రచురించారు. ఆ ఫలితం తర్వాతి ప్రయోగాలన్నిటిలో ఒకేలా రాలేదు గానీ, 2011లో మాసికాంపో, బామైస్టర్ అనే మనస్తత్వవేత్తలు గమనించినది మీకు పనికొస్తుంది. ముగియని పని మనసులో మెదులుతూ ఇతర పనులను చెడగొడుతుంటే, దాన్ని పూర్తి చేయకపోయినా, ఎప్పుడు ఎక్కడ ఎలా చేస్తామో స్పష్టంగా రాసుకుంటే చాలు, ఆ మెదలడం తగ్గింది. "చూసి చెబుతాను" అని వదిలేయకుండా "గురువారం పదకొండింటికి ఆ కాగితం తీసి చూస్తాను" అని రాయండి. సాయంత్రం లేచే ముందు పది నిమిషాలు దీనికోసమే కేటాయించండి.

మధ్యాహ్నపుగాలి
అది రాసిన తర్వాత ఊపిరి ఐదు నిమిషాలు. నీలిగొడుగు గారి మాట నాకు బాగా నాటింది. చిల్లు పూడ్చాలి, అయితే పూడ్చేదాకా నీళ్లు తోడే చేతులకు కూడా సత్తువ కావాలి కదా.

నీలిగొడుగు
దాన్ని మాత్రం కాదనలేను.

ఒంటిచేత్తో
ఇప్పటిదాకా చదువుతూ ఉన్నాను, రాయాలా వద్దా అని ఆలోచించాను. మా అమ్మకు మతిమరుపు జబ్బు, నాలుగేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. ఒకే ప్రశ్నను గంటలో ఇరవైసార్లు అడుగుతుంది. ఇరవైసార్లూ మొదటిసారి అడిగినట్టే జవాబు చెప్పాలి. ఇందులో నేను పుస్తకంలో రాసి ముగించగలిగింది ఏదీ లేదు. కిందటి నెలలో వేలు తెగితే మూడు వారాలైనా మానలేదు. మీ అందరి మాటలూ మంచివే గానీ అవి నా ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోతున్నాయి.

రాత్రిడ్యూటీ
ఒంటిచేత్తో గారు, మీరు రాయడమే మంచిదైంది. ముందుగా ఆ వేలిని చూపించుకోండి, చక్కెర పరీక్ష కూడా చేయించుకోండి, దాన్ని ఒత్తిడి ఖాతాలో వేసి ఊరుకోవద్దు. అయితే మీరు చెప్పినదానికి ఆధారం లేకపోలేదు. 1995లో జానిస్ కీకోల్ట్-గ్లేజర్ బృందం, మతిమరుపు జబ్బు ఉన్న బంధువులను చూసుకుంటున్న పదమూడు మంది స్త్రీలకు, అలాంటి బాధ్యత లేని మరో పదమూడు మందికి చేతి మీద మూడున్నర మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి, మానేదాకా గమనించింది. చూసుకుంటున్నవారికి సగటున తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. మీరు బలహీనులు కావడం వల్ల కాదు, మోస్తున్న బరువు వల్ల.

నేను వార్డులో చూసినంతలో రోగి పక్కన ఉండేవారికి ఊపిరి, నడక, పుస్తకం అన్నీ రెండో వరుస. మొదటి వరుసలో కావలసింది ఇంకొక మనిషి. వారానికి నాలుగు గంటలైనా అమ్మ దగ్గర మరొకరు ఉండాలి. మీకు తోబుట్టువులున్నారా?

ఒంటిచేత్తో
ఒక అక్క ఉంది, దూరంగా ఉంటుంది. తనే అడగాలని నేను, అవసరమైతే నేనే చెబుతానని తను. నాలుగేళ్లు ఇలాగే గడిచిపోయాయి.

పాతసంచి
అమ్మా, ఈ రోజే ఫోన్ చేయండి. "నువ్వు ఏమీ చేయడం లేదు" అని మొదలుపెట్టకండి. "వచ్చే ఆదివారం పది నుంచి రెండు దాకా అమ్మ దగ్గర ఉండగలవా" అని ఏ రోజో, ఏ సమయమో చెప్పి అడగండి. సాయం చేయమంటే ఎంత చేయాలో తెలియక మనుషులు వెనక్కి తగ్గుతారు. నాలుగు గంటలంటే వస్తారు.

రాత్రిడ్యూటీ
ఈ చర్చ చదివే అందరికీ ఒక మాట చెప్పాలి. ఛాతీలో బరువు, ఎడమ చేయి లేదా దవడ లాగడం, ఊపిరి అందకపోవడం వస్తే "ఒత్తిడేలే" అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకపోయినా, రోజూ తెల్లవారుజామునే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అది పుస్తకంలో రాసుకుని సర్దుకునే విషయం కాదు, మానసిక వైద్యులతో మాట్లాడవలసిన విషయం. నిద్ర కోసమని మద్యాన్ని ఆశ్రయిస్తే రాత్రి రెండో సగంలో నిద్ర మరింత చెడుతుంది. సాయంత్రం తాగిన కాఫీలోని కెఫీన్‌లో సుమారు సగం ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది.

తీరికలేదు
మధ్యాహ్నపుగాలి గారు, భుజాల బిగింపు పద్ధతి వారం నుంచి చేస్తున్నాను. ఐదు సెకన్లు బిగించి వదిలితే భుజాలు రెండంగుళాలు కిందికి దిగుతున్నాయి. కానీ గంటలో మళ్లీ పైకి చేరుతున్నాయి.

మధ్యాహ్నపుగాలి
గంటకోసారి దించండి. మొదటి నెలలో నాకూ అంతే.

వేకువచుక్క
మూడు వారాలైంది, జరిగింది చెప్పాలి కదా. రాత్రి ఎనిమిది తర్వాత జవాబివ్వనని మా బృందంలో చెప్పాను. ఒకరు నొచ్చుకున్నారు, మిగిలినవారు సరేనన్నారు, మరో ఇద్దరు తామూ ఇవ్వమన్నారు. లేచే ముందు పది నిమిషాలు రాస్తున్నాను. పని భారం తగ్గలేదు. మెడ నొప్పి వారానికి రెండు మూడు రోజులు ఇంకా వస్తోంది. బాబు దగ్గర కూర్చుని ఆ రోజు అరిచింది వాడి తప్పు వల్ల కాదని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, మూత ఆ మర్నాడే మంచం కింద దొరికిందని, చెబితే మళ్లీ కోప్పడతానేమోనని చెప్పలేదని అన్నాడు. ఆ మాట చాలాసేపు నన్ను వదల్లేదు. ఒంటిచేత్తో గారు, మీ అక్కగారితో మాట్లాడారా?

ఒంటిచేత్తో
మాట్లాడాను. పాతసంచి గారు చెప్పినట్టే ఏ రోజో, ఏ సమయమో చెప్పి అడిగాను. అక్క ఆదివారం వచ్చి, నువ్వు ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదని నన్నే తిట్టింది. వేలిని చూపించుకున్నాను, చక్కెర లేదట, ఇప్పుడు మానుతోంది. ఆ నాలుగు గంటల్లో బయటకు వెళ్లాలని, పాత స్నేహితురాలిని కలవాలని ఎన్నో అనుకున్నాను. పక్క గదిలో అమ్మ అడుగుతున్న ప్రశ్నకు అక్క జవాబు చెబుతుంటే వింటూ వింటూ అలాగే నిద్రపోయాను. వచ్చే ఆదివారం కూడా వస్తానంది.